ఆదెమ్మగారి జర్మన్

సౌజన్య అనే అమ్మాయి ఈ మధ్య మధ్యాహ్నాలు మా ఇంటికి వస్తోంది. పిడుగురాళ్ల పిల్ల. వాళ్ళ నాన్న సున్నపు బట్టీల దగ్గర లారీ నడుపుతాడు. నర్సింగు చదివి, గుంటూరులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, జర్మనీలో ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం కోసం మంగళగిరిలో కోచింగు తీసుకుంటోంది. అక్కడ ఇలాంటి పిల్లలు గది నిండా ఉంటారట. మాట్లాడటం అలవాటు కావడానికి ఎవరైనా దొరికితే బాగుండునని అడిగితే ఎవరో నా పేరు చెప్పారు. ఏళ్ళ తరబడి జర్మన్ పాఠాలు చెప్పి, రిటైరై, ఈ చిన్న ఫ్లాటులో మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ కూర్చున్నదాన్ని, నాకూ కాలక్షేపమే. రోజూ చెప్పులైనా విప్పకముందే “గూటెన్ టాగ్ మేడమ్” అంటుంది. మొన్న మాత్రం తెలుగులోనే మొదలుపెట్టింది.

“మేడమ్, మా సీనియర్ అక్క ఫోన్ చేసింది అక్కణ్ణించి. పరీక్షలన్నీ మంచి మార్కులతో పాసయిందండి తను. కానీ ఆ ముసలాళ్ళు మాట్లాడేది ఒక్క ముక్క అర్థం కావట్లేదంట. పుస్తకంలో ఉండే జర్మన్ కాదంట అది. ఒకామె రోజూ అక్క చెయ్యి పట్టుకుని ఏదో అడుగుద్దంట. ఏం చెప్పాలో తెలీక బాత్రూములోకెళ్ళి ఏడ్చిందంట. నిజమేనా మేడమ్? అప్పుడేం చెయ్యాలండీ?”

కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళాను. పొడి డబ్బా మూత తీసి, మూడు చెంచాలు వెయ్యబోయి అయిదు వేశాను. ఆ అమ్మాయికి చెప్పడానికి నా దగ్గర ఉన్నది జవాబు కాదు, ఆదెమ్మగారు.

మాది పెదకాకాని దాటాక లోపలికి వెళ్ళే ఊళ్ళలో ఒకటి. మిరప, పత్తి, కాస్త మాగాణి. ఎండాకాలం సెలవులకి నేను ఇంటికి వచ్చేసరికి ఆఖరి కోత కాయలు కల్లంలో ఎండుతూ ఉండేవి. బస్సు దిగి పొలం దారి పట్టగానే ముక్కుకి తగిలేది ఆ ఘాటు. మొదట రెండు తుమ్ములు వచ్చేవి, ఆ తర్వాత ఇంటికి వచ్చినట్టు అనిపించేది. అమ్మ పొయ్యిలో పత్తికట్టె పెట్టి ఎసరు పడేసేది. పత్తికట్టె పొగకి ఒక తీపి వాసన ఉంటుంది, కళ్ళు మండించినా తిట్టబుద్ధి కాదు. నాయనమ్మ తెల్లారగానే ఒక చద్దిముద్ద తిని, తలకి తుండుగుడ్డ చుట్టుకుని, కాయల రాశి ముందు చేరేది. రంగు పోయి తెల్లబడిన కాయలు తాలు. ఆ తాలు ఏరి పక్కకి వెయ్యడం ఆవిడ పని, సెలవుల్లో నాది కూడా. సాయంత్రానికి చేతులు భగభగమంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేవాళ్ళం, ఇద్దరం ఒకే గిన్నెలో.

నేను జర్మన్‌లో చేరడం వెనక పెద్ద కథేమీ లేదు. హైదరాబాదులో చదువుతానని పేచీ పెట్టాను, ఇంగ్లీషులో సీటు రాలేదు, పక్క వరసలో జర్మన్‌కి జనం తక్కువగా ఉన్నారు. నాన్న ఒక నిమిషం ఆలోచించి, “ఏదైతే ఏవుందిలే, భాషేగా” అన్నాడు. ఆ తర్వాత మిర్చి యార్డుకి వెళ్ళిన ప్రతిసారీ, కమిషన్ కొట్టు అరుగు మీద కూర్చుని, “మా రాజ్యం జర్మనీ చదువుతోంది” అని చెప్పేవాడు. జర్మనీ కాదు నాన్నా, జర్మన్ అంటే, “అదేలేమ్మా” అనేవాడు. ఊళ్ళోవాళ్ళకి అది డాక్టరీ కంటే పైదో కిందదో తెలిసేది కాదు. అందుకని కాస్త మర్యాదగానే చూసేవాళ్ళు.

జర్మన్‌లో ప్రతి వస్తువుకీ ఒక లింగం ఉంటుంది. అవి బట్టీ పట్టక తప్పదు. తాలు ఏరుతూ నేను పైకి వల్లిస్తుంటే నాయనమ్మ వినేది.

“బల్ల మగదేంటే?”

“వాళ్ళకంతే నాయనమ్మా.”

“మరి ఆడపిల్లో?”

“ఆడదీ కాదు, మగదీ కాదు.”

మా క్లాసులో ఈ పాఠం చెప్పిన రోజు ఉత్తరాది పిల్లలంతా విరగబడి నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. చేతిలో కాయ అటూ ఇటూ తిప్పి చూసుకుని, “మనకి మాత్రం ఏవుందే. గేదొచ్చింది అంటాం, కోడలొచ్చింది అంటాం. ఆళ్ళూ మనలాంటోళ్ళేలే” అంది. ఆ దేశం గురించి మూడేళ్ళలో నేను విన్న పాఠాల్లో అంత తొందరగా నాకు అర్థమైంది మరొకటి లేదు. మిగతా జర్మనీ అంతా మాకు ఒక టేపు రికార్డరులో ఉండేది. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. స్టేషనులో టిక్కెట్టు కొనేవాళ్ళు, హోటల్లో సూపు అడిగేవాళ్ళు, వాతావరణం బాగుందని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఎవరూ ఎవరి మీదా అరిచేవాళ్ళు కాదు, ఎవరికీ దగ్గు వచ్చేది కాదు.

అసలైన జర్మన్ మనిషి మాత్రం నేను పుట్టినప్పటినుంచీ మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. గుంటూరు రోడ్డు మీద కన్యాస్త్రీలు నడిపే చిన్న కాన్పుల ఆసుపత్రి ఒకటి ఉండేది. ఆడెల్‌హైడ్ అనే ఆవిడ పడుచుతనంలో ఓడెక్కి అక్కడికి వచ్చి, ఇక తిరిగి వెళ్ళలేదు. నోరు తిరగక మావాళ్ళు ఆదెమ్మ అన్నారు. ఆవిడా ఆ పేరుకే పలికేది. మా చుట్టుపక్కల నా వయసువాళ్ళలో సగంమంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళమే. ఎండకి కమిలి ఇటుకరంగు తిరిగిన మొహం, తెల్లటి గుడ్డ తలమీద, మగవాళ్ళ చెప్పులు. ఆవిడ తెలుగు వింటే కళ్ళు మూసుకున్నవాడెవడూ దొరసాని అనుకోడు. “ఏమే, కడుపులో బిడ్డని మాడుస్తావా, తిను!” అని గర్భిణులను గదిమేది. వరండాలో బీడీ వెలిగించిన మొగుళ్ళని, “ఒరేయ్, అవతలకి పో, నీ పొగ నా పిల్లలకెందుకు?” అని తరిమేది. మా అమ్మ నాలుగు కాన్పులూ అక్కడే. అందులో మిగిలింది నేను, మా తమ్ముడు. మిగలని ఇద్దరినీ కూడా ఆదెమ్మగారు పేర్లు పెట్టి గుర్తుంచుకుందని అమ్మ చెప్పేది.

మొదటి సెలవుల్లో నాన్న నన్ను ఆవిడ దగ్గరికి తీసుకువెళ్ళాడు, వండిన అరిసెలు చూపించడానికి తీసుకువెళ్ళినట్టు. నేను గొంతు సవరించుకుని, టేపులో ఆడ గొంతు ఎలా అంటుందో అలాగే, తమరు ఎలా ఉన్నారని జర్మన్‌లో అడిగాను. ఆదెమ్మగారు నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది.

“బాగానే ఉన్నాలే గానీ, ఇట్టా చిక్కిపోయావేంటే? హాస్టల్లో కూడు పెట్టరా?”

“మీతో మాట్లాడి నేర్చుకుందామని వచ్చానండి,” అన్నాను.

“నువ్వు మాట్లాడేది బళ్ళో మాటే పిల్లా. నేనూ నేర్చాను, దెబ్బలు తిని. ఇంట్లో మా అమ్మ అట్టా మాట్లాడదు. మా ఊరి మాట వేరు.” హాలండు సరిహద్దుకి దగ్గర్లో, ఊటనేలల్లో ఏదో పల్లెటూరు అని చెప్పింది. ఆ ఊరి మాట ఒకటి చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, చెయ్యి ఊపేసింది. “ఎవరితో మాట్లాడాలే ఇక్కడ? పోయింది ఎటో. నేనిప్పుడు కలలో కూడా మస్తాన్‌బీని తెలుగులోనే తిడతాను.”

మస్తాన్‌బీ అక్కడ ఆయా. వయసులో వచ్చి ఆదెమ్మగారి పక్కనే ముసలిదయింది. “కల్లోనేనా తల్లీ తిట్టేది,” అని బకెట్టు ఎత్తుకుని పోయింది.

డిగ్రీ చివరి ఏడాది ముందు వచ్చిన ఎండాకాలం అది. మేం కల్లంలో ఉండగా మస్తాన్‌బీ రిక్షా దిగి కాయల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది. కాయలు తొక్కుతున్నానన్న ధ్యాస కూడా లేదు. ఆదెమ్మగారు స్నానాల గదిలో పడిపోయిందనీ, కుడి పక్క పనిచేయడం లేదనీ ఆ పాటికే మాకు తెలుసు. ఊరంతా ఒకసారి వెళ్ళి వరండాలో కూర్చుని వచ్చింది. కానీ కొత్త సంగతి వేరే ఉంది.

“కళ్ళు తెరిచిందమ్మా. మాట్లాడతా ఉంది. కానీ తెలుగు రావట్లా. మనం చెప్పేదీ తెలీట్లా. అంతా వాళ్ళ మాటే. నన్ను జూసి ఏదో అంటది, నేను ఊ అంటాను, కళ్ళనీళ్ళు పెట్టుకుంటది. రోజమ్మ సిస్టర్‌గారు నిన్ను తీసుకురమ్మంది. నువ్వు చదివావుగా తల్లీ.”

నాన్న అప్పటికే కండువా దులుపుకుంటున్నాడు. ఇంటికి వెళ్ళి తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నేను చేతులు ఎంత కడుక్కున్నా మిరపఘాటు పోలేదు. రిక్షాలో కూర్చుని దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. మీకు నొప్పిగా ఉందా? మీకేం కావాలి? ఎవరికైనా కబురు చెయ్యాలా? వ్యాకరణం ఎక్కడా తప్పులేకుండా చూసుకున్నాను.

వరండా నిండా జనం. నేను వస్తుంటే దారి ఇచ్చారు. రోజమ్మ అనే మలయాళీ సిస్టరు అప్పటికి ఆ ఆసుపత్రికి పెద్ద. ఆవిడే నా భుజం మీద చెయ్యివేసి మంచం దాకా తీసుకువెళ్ళింది. తలగుడ్డ లేకుండా ఆదెమ్మగారిని చూడటం అదే మొదటిసారి. జుట్టు దూదిపింజలా ఉంది. నేను వంగి, ఆదెమ్మగారూ, నేను రాజ్యాన్ని, మీకు నొప్పిగా ఉందా అని జర్మన్‌లో అడిగాను.

ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను చెప్పలేను. నీళ్ళల్లో మునిగేవాళ్ళకి కొమ్మ దొరికినట్టు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని మొదలుపెట్టింది. ఆగకుండా, తొందరతొందరగా, మధ్యలో నా మొహంలోకి చూస్తూ, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నదంతా ఒక్కసారే నా ఒళ్ళో పోస్తున్నట్టు. నేను ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాను. ఒక్క క్రియ, ఒక్క విభక్తి. ఏదీ తగల్లేదు. ఆ శబ్దాలు నా పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. గదిలో అందరూ ఆదెమ్మగారిని కాదు, నన్ను చూస్తున్నారు.

“ఏమంటోందమ్మా?” రోజమ్మ సిస్టరు అడిగింది.

“అర్థం కావడం లేదండి.”

“తొందరపడబాక. మళ్ళీ అడుగు, నిదానంగా,” అన్నాడు నాన్న గుమ్మం దగ్గరనుంచి.

మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పింది. ఈసారి ఒకచోట “వాటర్” అంది. గది మొత్తానికి వినపడింది.

“వాటర్ అంటోంది! మంచినీళ్ళు!” మస్తాన్‌బీ కూజా దగ్గరికి పరుగెత్తింది. వెనకనుంచి ఎవరో, “ఆ మాత్రం మనకీ తెలిసిందే,” అన్నారు. నేను చదివిన జర్మన్‌లో నీళ్ళని వాస్సర్ అంటారు. వాటర్ అనరు. అయినా అనుమానం ఎందుకని నేనే గ్లాసు అందుకుని పెదాలకి ఆనించాను. ఆదెమ్మగారు తల పక్కకి తిప్పేసుకుంది. నీళ్ళు మెడమీదనుంచి కారి దిండు తడిసింది. ఆవిడ మళ్ళీ నా వైపు తిరిగి “వాటర్” అని, ఎడమచేత్తో తలుపు వైపు, దూరంగా, చూపించింది. దాహం కాదు. ఎక్కడి నీళ్ళు, ఎవరి నీళ్ళు, వాటికేమైందో మాకెవరికీ తెలియలేదు. అందరికీ తెలిసిన ఒక్క మాట కూడా అలా జారిపోయింది.

రోజూ వెళ్ళాను. రోజమ్మ సిస్టరు జర్మనీలో వాళ్ళ మఠానికి ఉత్తరం రాసింది. అది చేరి జవాబు వచ్చేలోపల ఏమైనా కావచ్చని ఆవిడకీ తెలుసు. నాన్నతో గుంటూరు వెళ్ళి, పోస్టాఫీసులో ట్రంకు కాల్ బుక్ చేసి, హైదరాబాదులో మా ప్రొఫెసరుగారితో మాట్లాడాను. ఆయన అన్నీ ఓపిగ్గా విని, “అది జర్మనీలో ఉత్తరాది పల్లెల యాసమ్మా, దాదాపు వేరే భాషే. నాకూ రాదు” అన్నారు. ఆయన గొంతులో సిగ్గు వినిపించింది నాకు. నాన్న టెలిఫోన్ బూత్ బయట నిలబడి, “ఏం చెప్పారు?” అని అడిగితే, “పక్కన కూర్చోమన్నారు” అన్నాను. నిజంగా ఆయన చివర అన్నది అదే.

పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక పాఠ్యపుస్తకం చదివి వినిపించాను. స్టేషనులో టిక్కెట్టు కొనే పాఠం, హోటల్లో సూపు పాఠం. ఆవిడ బళ్ళో విన్న మాటల్లా ఉన్నాయేమో, మొదటి రోజు బుద్ధిగా వింది. రెండో రోజు పుస్తకాన్ని చేత్తో తోసేసింది. మస్తాన్‌బీ తెలుగులోనే మాట్లాడుతూ ఒళ్ళు తుడిచేది, జడలాంటిదేదో అల్లేది. “నువ్వు కోడలా అని పిలిచే ఆ తెనాలామెకి మగపిల్లాడంట తల్లీ” అని ఆసుపత్రి కబుర్లు చెప్పేది. ఆదెమ్మగారు ఆమె వైపు పరాయిమనిషిని చూసినట్టు చూసేది. అంతకాలం ఎవరితో పోట్లాడి, ఎవరి చేతి కాఫీ తాగిందో ఆ మనిషిని. మస్తాన్‌బీ తలుపు చాటుకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకునేది. లోపలికి వచ్చాక మళ్ళీ కబుర్లు మొదలుపెట్టేది.

రానురాను మాటలు తగ్గిపోయి ఒకే వాక్యం మిగిలింది. చిన్నదే. మధ్యలో ఒక దీర్ఘం, చివర గొంతు పైకి లేచేది. ప్రశ్న అని మాత్రం తెలిసేది. తలుపు వైపు చూసి, నా వైపు చూసి అడిగేది. అడిగి, ఆగి, కాచుకుని ఉండేది. నేను రోజుల తరబడి ఆ ఎదురుచూపు భరించలేక ఒక ఉదయం “యా” అన్నాను, అవును అని. ఆవిడ మొహం నలిగిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది, చిన్నపిల్లలా. భయపడి, “నైన్, నైన్,” అన్నాను, కాదు కాదు అని. కాస్త తెరిపినపడి నా చెయ్యి వదిలింది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు అదే ప్రశ్న అడిగితే ముందే “నైన్” అన్నాను. అదే ఏడుపు. అవునంటే ఎవరు పోయినట్టో, కాదంటే ఎవరు రానట్టో. ఆ తర్వాత ఆవిడ అడిగేది, నేను చెయ్యి పట్టుకుని తల దించుకునేదాన్ని. రోజమ్మ సిస్టరు ఏం అడగకుండా నాకు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి వెళ్ళేది.

సెలవులు అయిపోవచ్చాయి. నేను వెళ్ళే ముందే ఆదెమ్మగారు పోయారు. పొద్దున్నే మస్తాన్‌బీ గంజి పడుతుండగా తల వాల్చేసిందట. ఆసుపత్రి వెనక తోటలోనే మట్టి చేశారు. కల్లాల్లోనుంచి, చేలల్లోనుంచి వచ్చిన జనంతో తోట నిండిపోయింది. సమాధి దగ్గర అందరూ తుమ్ముతూ, దగ్గుతూ ఉన్నారు, మా బట్టల్లో ఉన్న ఘాటుకి. మస్తాన్‌బీ నన్ను పక్కకి పిలిచింది.

“చివరాఖరికి ఏవడిగిందంటావమ్మా?”

“నాకు తెలీదు మస్తాన్‌బీ.”

“ఏదో ఒకటి చెప్పమ్మా. నన్ను గురించేమన్నా అడిగిందేమో?”

కావచ్చు అన్నాను. కాకపోవచ్చునని ఆమెకీ తెలుసు. మొహం తుడుచుకుని, మట్టి అంటిన చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంటికి వస్తుంటే నాన్న నాకు నాలుగడుగులు ముందు నడిచాడు. పత్తిచేను మలుపు తిరిగాక, నా వైపు చూడకుండా, “పోనీలేమ్మా. డాక్టర్లు మాత్రం అందర్నీ బతికిస్తున్నారా?” అన్నాడు. ఆ తర్వాత యార్డులో నా చదువు గురించి చెప్పడం మానేశాడని చాలా ఏళ్ళకి తమ్ముడి ద్వారా తెలిసింది. నా మీద కోపంతో కాదు. ఎవరైనా “మరి ఆదెమ్మగారి సంగతేంటి?” అంటే నా తరఫున ఏం చెప్పాలో తెలియక.

ఇప్పుడు సౌజన్య ఫోనులో జర్మనీ మూలమూలల మనుషుల మాటలూ వినొచ్చు. వంటలు చేసేవాళ్ళు, ట్రాక్టర్లు నడిపేవాళ్ళు, మనవళ్ళని తిట్టే ముసలమ్మలు. నేను ఒక టేపులో రెండు గొంతులతో ఒక దేశాన్ని ఊహించుకున్నాను. ఈ పిల్లలు అంతకంటే ఎంతో సిద్ధపడి వెళతారు. అయినా మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ సిద్ధపాటు ఎంతవరకు సరిపోతుందో నేను చెప్పలేను. నాకు పాఠం చెప్పడం వచ్చు, అంతే. ఎన్నో ఏళ్ళు చెప్పాను. ప్రతి ఏడాదీ యాసల గురించిన చిన్న పేరా రాగానే, “దీన్ని మీరు చదువుకోండి” అని ముందుకి వెళ్ళిపోయేదాన్ని.

ఒక్కసారి ఆ దేశం వెళ్ళాను, ఉపాధ్యాయులకి పెట్టిన శిక్షణ కోసం. ఒక ఆదివారం రైలెక్కి, హాలండు సరిహద్దు వైపు, ఆదెమ్మగారు చెప్పినటువంటి పల్లె ఒకదానిలో దిగాను. ఆ ఊరే అని కాదు. చదునైన పచ్చిక, కాలవలు, ఎటు చూసినా నిలిచిన నీళ్ళు. ఒక ఇంటి ముందు ముసలి దంపతులు బంగాళదుంపలు ఒలుస్తూ కనిపించారు. ఆగి, నేను వచ్చిన పని చెబితే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా నోట్లో దాచుకున్న ఆ వాక్యం వాళ్ళ ముందు పలికాను. ఇద్దరూ చెవులు రిక్కించారు.

“మళ్ళీ అనండి,” అన్నాడు ఆయన.

మళ్ళీ అన్నాను. “ఇంకా బయటే ఉన్నాడా, అని అడుగుతోంది,” అన్నాడాయన. భార్య ఒప్పుకోలేదు. “కాదు, పడవ వచ్చిందా అని. వాటర్ అందన్నావుగా అమ్మాయ్, మా మాటలో నీళ్ళంటే అదే.” ఆయన దాన్ని తన పద్ధతిలో పలికి చూపించాడు, ఆవిడ తన పద్ధతిలో. ఇలాగేనా, ఇలాగేనా అని ఇద్దరూ నా నోటివైపు చూస్తూ అడుగుతున్నారు. ఆయన అన్నట్టు అని చూశాను, ఆవిడ అన్నట్టు అని చూశాను. రెండూ అదే అనిపించాయి, రెండూ కావనిపించాయి. చాలాసేపు పోట్లాడుకుని, చివరికి ఆవిడ నా చెయ్యి తట్టి ఇంకో ముక్క కేకు పెట్టింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒకసారి అసలుది అనుకుందామని పెదాలు కదిపాను. ఆయన పలికినది వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే ఆవిడ పలికినది వచ్చింది. కళ్ళు మూసుకుని ఆ మంచం, ఆ తడి దిండు, నా మణికట్టు మీద ఆ ఎడమచెయ్యి అన్నీ తెచ్చుకున్నాను. అన్నీ వచ్చాయి. ఆదెమ్మగారు నోరు తెరిచి, తలుపు వైపు చూసి, నా వైపు చూసి అడుగుతోంది. గొంతు మాత్రం లేదు.